గుర్రానికి దాణా ఎవరు పెట్టారు?

మొన్న మా మొహల్లాలో ఒక జల్సా జరిగింది. తఖ్రీర్ చేసిన సాహెబ్ గొంతు బాగుంది, జోష్ ఇంకా బాగుంది. "మన బుజుర్గులు గుర్రాల మీదే పుట్టారు, గుర్రాల మీదే పెరిగారు" అని ఆయన అంటుంటే కుర్రాళ్ళు నారాలు ఎత్తుకున్నారు. ఇంటికొస్తుంటే స్కూటర్ వెనక కూర్చున్న మా చిన్న బేటీ అడిగింది.

"అబ్బా, అందరూ గుర్రాల మీదే ఉంటే మరి ఆ గుర్రాలకి అన్నం ఎవరు పెట్టేవాళ్ళు?"

ముందు నవ్వొచ్చింది. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది. నేను ఉర్దూ మీడియంలో చదివిన తారీఖ్ కితాబుల్లో బాద్షాలు ఉన్నారు, జంగ్‌లు ఉన్నాయి, సన్‌లు ఉన్నాయి. దాణా మాత్రం ఎక్కడా లేదు. డిగ్రీలో తెలుగులో చదివిన చరిత్రలోనూ లేదు. ఇరవై ఏళ్ళుగా అఖ్బార్లలో రాస్తున్నాను, నేనూ ఎప్పుడూ అడగలేదు.

అడగాల్సినవాణ్ణి నేనే. మా నానా జట్కా తోలేవాడు. ఊళ్ళో ఆయన్ని అందరూ "జట్కా సాయెబు" అని పిలిచేవాళ్ళు. ఫజర్ అజాన్‌కి ముందే లేచి ఉలవలు ఉడకబెట్టింది మా నానీ. పచ్చగడ్డి మోపు బేరమాడి కొన్నది నానీ. వానాకాలం గుర్రం కాళ్ళకి పుండ్లు పడితే పసుపూ నూనే కలిపి రాసింది నానీ. ఇంత చేసిన నానీకి మాత్రం ఊళ్ళో ఏ పేరూ పడలేదు.

బేటీ సవాల్‌కి జవాబు వెతుకుతూ నేను చాలా దూరం వెళ్ళాను, తుర్క్‌మెనిస్తాన్ దాకా. అక్కడికే ఎందుకంటే, మన ఊళ్ళల్లో మనల్ని "తురకోళ్ళు" అంటారు కదా. ఆ మాట 'తుర్క్' నుంచి వచ్చిందే. మనలో నూటికి తొంభై మందికి పైగా ఈ మట్టిలో పుట్టినవాళ్ళమే, తుర్కీల మొహం చూసినవాళ్ళం కాదు. అయినా పేరు మాత్రం అంటుకుంది. పోనీ, నాతా బొత్తిగా లేదా అంటే అదీ కాదు. గోల్కొండలో కుతుబ్‌షాహీ హుకూమత్ మొదలుపెట్టిన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ నుంచి దక్కన్‌కి వచ్చిన మనిషి, ఖరా ఖోయూన్లూ అనే తుర్క్‌మెన్ ఖాందాన్ వాడు. మన జబాన్‌లోనూ ఆ జాడలున్నాయి. అక్కని 'ఆపా' అంటాం, అది తుర్కీ మాటే. బేగం, ఖానమ్ తుర్కీ మాటలే. అసలు 'ఉర్దూ' అన్న పేరే తుర్కీలో ఫౌజు డేరాకి పేరు. అందుకే గుర్రంతో నిజంగా కాపురం చేసిన తుర్కీల ఇల్లు ఎలా ఉండేదో చూద్దామనిపించింది.

కొండకీ ఎడారికీ మధ్య

తుర్క్‌మెనిస్తాన్ నక్షాలో చాలా భాగం కారాకుం ఎడారే. కారాకుం అంటే నల్ల ఇసుక. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా దాని విస్తీర్ణానికి సరిపోవు. దక్షిణాన ఇరాన్ సరిహద్దు వెంట కోపెత్ దాగ్ కొండలు ఉన్నాయి. కొండల మీంచి దిగే వాగులు ఎడారిలో ఇంకిపోయే ముందు ఒక సన్నటి పచ్చని పట్టీని తడుపుతాయి. ఆ పట్టీ పేరు అఖాల్. అక్కడ ఉండే ఖబీలా పేరు తెకే. ప్రపంచమంతా 'అఖాల్-తెకే' అని పిలిచే గుర్రం ఆ రెండు పేర్లు కలిసి వచ్చిందే. సన్నటి నడుము, పొడవాటి మెడ, పల్చటి జూలు. ఎండ పడితే ఒంటి మీద వెంట్రుకలు మెరుగు పెట్టిన లోహంలా మెరుస్తాయి.

తెకే వాళ్ళల్లో రెండు రకాల జిందగీ ఉండేది. నీళ్ళ దగ్గర స్థిరపడి గోధుమ, జౌ, జొన్న పండించేవాళ్ళని 'చోముర్' అనేవాళ్ళు. గొర్రెలూ ఒంటెలూ తోలుకుని ఎడారిలోకి వెళ్ళేవాళ్ళు 'చర్వా'. ఒకే ఖాందాన్‌లో ఒక భాయ్ చోముర్, ఇంకో భాయ్ చర్వా అయ్యేవాళ్ళు. గొర్రెలు చచ్చిపోతే చర్వా వాడు వచ్చి నాగలి పట్టేవాడు, నాలుగు గొర్రెలు చేరితే చోముర్ వాడు ఎడారి బాట పట్టేవాడు.

వాళ్ళ ఇంటి పేరు 'గరా ఓయ్', అంటే నల్ల ఇల్లు. కర్రల చట్రం మీద ఉన్ని నమ్దాలు కప్పిన గుండ్రటి డేరా అది. ఆ డేరా గుమ్మం ముందు, లోపల పడుకున్న మనిషికి ఊపిరి చప్పుడు వినపడేంత దగ్గరలో, కట్టుకొయ్యకి ఒక గుర్రం. వందల గుర్రాలున్న అస్తబల్ అని ఊహించుకోకండి. కాస్త కలిగిన ఇంట్లో ఒకటో రెండో, అంతే. లేనివాళ్ళకి అదీ లేదు. మన వైపు చిన్న రైతు ఇంట్లో జత ఎద్దులు ఎలాగో, అక్కడ ఆ ఒక్క గుర్రం అలాగ.

ముందు అబ్బా, తర్వాత గుర్రం

తుర్క్‌మెన్ వాళ్ళల్లో ఒక కహావత్ ఉంది. పొద్దున్నే లేచి ముందు నీ తండ్రి మొహం చూడు, తండ్రి తర్వాత నీ గుర్రం మొహం చూడు అని. వాళ్ళ జబాన్‌లో తండ్రి 'అతా', గుర్రం 'అత్'. ఇంకో తమాషా ఏంటంటే, 'అత్' అంటే పేరు అని కూడా అర్థం. తండ్రీ, గుర్రమూ, పేరూ అన్నీ దగ్గర దగ్గర మాటలే. గుర్రం పోతే పేరు పోయినట్టే అని వాళ్ళు అనుకుని ఉంటే ఆశ్చర్యం లేదు.

పొద్దున్నే ఇంటి పెద్ద బయటికొచ్చి గుర్రం మీది నమ్దాలు ఎత్తి ఒళ్ళు తడిమి చూసేవాడు. రాత్రి చెమట పట్టిందా, ఆరిందా, పక్కటెముకల మీద కొవ్వు ఎంత ఉంది, కాలి గిట్టల్లో రాయి ఇరుక్కుందా. ఈ నమ్దాల సంగతి కాస్త చెప్పుకోవాలి. ఎడారిలో పగలు నిప్పుల కొలిమి, రాత్రి గడ్డకట్టే చలి. అందుకని గుర్రం మెడ నుంచి తోక దాకా ఉన్ని నమ్దాలు కప్పేవాళ్ళు. ఒకటి కాదు, పొర మీద పొర, ఒక్కోసారి ఏడు దాకా. ఎండాకాలంలోనూ తీసేవాళ్ళు కాదు. నమ్దా చలి నుంచి కాపాడుతుంది, ఎండ నుంచీ కాపాడుతుంది. దౌడుకి ముందు చెమట పట్టించి ఒంట్లో అనవసరమైన కొవ్వు కరిగిస్తుంది కూడా.

ఇప్పుడు మా బేటీ సవాల్ దగ్గరికి వద్దాం. ఆ నమ్దా ఎక్కణ్ణుంచి వచ్చింది? గొర్రె ఉన్నిని కర్రలతో కొట్టి దూదిలా విడదీసి, రెల్లు చాప మీద పరిచి, వేడి నీళ్ళు చల్లి, చాపతో సహా చుట్టి, ఆడవాళ్ళు వరసగా మోకాళ్ళ మీద కూర్చుని మోచేతులతో గంటల తరబడి నొక్కుతూ దొర్లిస్తేనే ఒక నమ్దా తయారవుతుంది. ఇంటి పైకప్పూ వాళ్ళ చేతి పనే, గుర్రం ఒంటి మీది కప్పూ వాళ్ళ చేతి పనే. జీను కింద వేసే గుడ్డ, పక్కన వేలాడే సంచీ, మెడకి కట్టే పట్టీ, అన్నీ ఆ వేళ్ళ నుంచే. ఆ సంచీని వాళ్ళు 'ఖోర్జూన్' అంటారు. మా నానా జట్కాలో డబ్బులూ పాన్‌దాన్ పెట్టుకునే సంచీని 'ఖుర్జీ' అనేవాడు. ఆ రెండూ ఒకే మాట.

నజర్ తగలకుండా గుర్రం మెడకి 'అలాజా' కట్టేవాళ్ళు. ఒంటె ఉన్నితో నలుపూ తెలుపూ కలిపి పేనిన తాడు అది. పిల్లలకీ అదే, గుర్రానికీ అదే. మన అమ్మీలు బచ్చాల చేతికి నల్లదారం కట్టే రివాజే ఇదీ. కొందరు మౌల్వీలు ఒప్పుకోకపోవచ్చు, అది వేరే బహస్. కానీ ఒక తల్లి తన కొడుక్కి కట్టిన దారమే గుర్రానికీ కట్టిందంటే ఆ గుర్రం ఇంట్లో ఎవరో అర్థమవుతుంది.

ఎడారిలో గడ్డి తక్కువ. వానలు పడ్డ ఆ కొన్ని వారాలే పచ్చదనం. మిగతా రోజులు మడిలో పెంచిన లూసర్న్ గడ్డి గుప్పెళ్ళ కొద్దీ, దానితో పాటు జౌ, జొన్న. పెద్ద సఫర్ ముందు గానీ దౌడు ముందు గానీ గడ్డి తగ్గించి, జౌ పిండిలో గొర్రె కొవ్వు కలిపిన ముద్దలు పెట్టేవాళ్ళు. పొట్ట చిన్నగా ఉండాలి, బలం మాత్రం ఎక్కువ ఉండాలి. ఆ పిండి విసిరింది ఎవరు, ఆ కొవ్వు కరిగించింది ఎవరు, వేరే చెప్పక్కర్లేదు. ఇంకో మాట, జౌ అంటే పశువుల మేత మాత్రమే కాదు, మనుషులు రొట్టె చేసుకునే ధాన్యం కూడా. కరువు సంవత్సరం గుర్రం ముందు ఒక గిన్నె జౌ పోయడం అంటే పిల్లల దస్తర్‌ఖాన్ మీంచి ఒక రొట్టె తీసేయడమే. ఆ హిసాబ్ రోజూ వేసుకున్నది ఇంటి ఆడది.

మగ గుర్రాన్నే సవారీకి వాడేవాళ్ళు, డేరా దగ్గర కట్టుకొయ్యకి ఉండేది అదే. ఆడ గుర్రాలూ పిల్లలూ చాలావరకు బయట మందగా తిరిగేవి. పిల్ల గుర్రాన్ని చిన్నప్పుడే మచ్చిక చేసేవాళ్ళు, రెండేళ్ళ వయసుకే దౌడులోకి దించేవాళ్ళు. అంత లేత వీపు మీద పెద్దమనిషి కూర్చోలేడు కాబట్టి పదేళ్ళ కుర్రాళ్ళు ఎక్కేవాళ్ళు. షాదీలకీ, మగపిల్లాడి ఖత్నాకీ జరిగే దావత్‌ని వాళ్ళు 'తోయ్' అంటారు. తోయ్ అంటే దౌడు ఉండాల్సిందే. గెలిచిన ఇంటికి ఇనామ్ కంటే ఇజ్జత్ ఎక్కువ.

గుర్రాల తర్బియత్ చూసే ఉస్తాద్‌ని అక్కడ 'సెయిస్' అంటారు. గుర్రం నడక చూసి దాని తండ్రి ఎవరో, తాత ఎవరో చెప్పగల మనిషి. షజరా అంతా నోటి మీదే ఉండేది. అదే మాట మన దగ్గరికి 'సాయీసు' అయి వచ్చింది. ఇక్కడ దానికి అర్థం, దొరగారు గుర్రం దిగితే పగ్గం పట్టుకునే నౌకరు. అక్కడ ఉస్తాద్, ఇక్కడ నౌకరు. మాట అదే, ఇజ్జత్ మాత్రం దారిలో ఎక్కడో జారిపోయింది.

గొలుసుల చప్పుడు

ఇక్కడితో ఆపేస్తే ఈ మజ్మూన్ కూడా ఇంకో జల్సా తఖ్రీర్ అయిపోతుంది. ఆ గుర్రాన్ని అంత మెహనత్‌తో ఎందుకు పెంచారో కూడా చెప్పాలి.

తెకే వాళ్ళూ, పక్క ఖబీలాల వాళ్ళూ గుర్రాలెక్కి కోపెత్ దాగ్ దాటి ఇరాన్‌లోని ఖొరాసాన్ ఊళ్ళ మీద పడేవాళ్ళు. ఆ దాడిని 'అలమాన్' అంటారు. తెల్లారుజామున ఊరి మీద పడటం, దొరికిన మనుషుల్ని కట్టేసి తీసుకుపోవడం, ఖీవా, బుఖారా బజార్లలో గులాములుగా అమ్మేయడం. రోజుల తరబడి తక్కువ నీళ్ళతో పరిగెత్తగలిగే ఆ గుర్రమే లేకపోతే అలమాన్ లేదు. దోచుకున్నవాళ్ళూ కల్మా చదివేవాళ్ళే, అమ్ముడుపోయినవాళ్ళూ కల్మా చదివేవాళ్ళే. ఖైదీలు షియాలు కాబట్టి వాళ్ళని అమ్మడం జాయజ్ అని ఫత్వా ఇచ్చిన ఉలమా కూడా ఉన్నారు.

హంగరీ దేశస్థుడు ఆర్మీనియస్ వాంబేరీ 1863లో దర్వేష్ వేషం వేసుకుని ఈ దారిలో బుఖారా దాకా వెళ్ళాడు. కాస్పియన్ ఒడ్డున యోముత్ అనే ఇంకో తుర్క్‌మెన్ ఖబీలా దగ్గర మెహమాన్‌గా ఉన్నప్పుడు, ఇరానీ ఖైదీల కాళ్ళ గొలుసుల చప్పుడు రాత్రుళ్ళు విన్నానని తన సఫర్‌నామాలో రాశాడు. అదే ఇల్లు. అదే నమ్దా, అదే రొట్టె, అదే మెహమాన్‌దారీ. గుమ్మం బయట అలాజా కట్టిన గుర్రం. గుమ్మం లోపల ఎవరో తల్లి కన్న ఔలాద్, కాలికి ఇనుముతో.

ఆ ఇంటి ఆడవాళ్ళ మెహనత్‌ని మెచ్చుకుంటూనే, ఆ మెహనత్ ఇంకో ఇంటిని కూల్చడానికి కూడా పనికొచ్చిందన్న సంగతి దాచకూడదు. ఖొరాసాన్‌లో గుర్రపు గిట్టల చప్పుడు వింటే తల్లులు పిల్లల్ని ఎక్కడ దాచాలా అని చూసేవాళ్ళు. అది కూడా గుర్రం తారీఖే.

1881

1873లో రష్యా సైన్యం ఖీవాని లొంగదీసి గులామీని రద్దు చేసింది. గులాముల మీద జాలితో అంత దూరం వచ్చిన ఫౌజు కాదు అది, ముల్క్ కోసం వచ్చింది. అఖాల్ మీద 1879లో చేసిన మొదటి దాడిలో తెకే వాళ్ళు రష్యన్లని వెనక్కి తరిమారు. ఆ బద్‌లా తీర్చుకోవడానికి జనరల్ స్కోబెలెవ్ వచ్చాడు. తెకే ఖాందాన్లు ఆడవాళ్ళూ పిల్లలతో సహా గోక్ తెపె మట్టికోటలో చేరి డేరాలు వేసుకున్నాయి. రష్యన్లు గోడ కిందకి సొరంగం తవ్వి, 1881 జనవరి 24న బారూద్ పేల్చి లోపలికి దూరారు. రష్యన్ల లెక్క ప్రకారమే కోట లోపల 6,500 శవాలు. పారిపోతున్నవాళ్ళని వెంటాడి చంపింది ఇంకో 8,000 దాకా. వాళ్ళలో ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్నారు.

ఆ రోజు కోట పడిపోవడాన్ని ఒక అఖ్బార్ వాడు దూరం నుంచి దూర్‌బీన్‌తో చూశాడు. ఎడ్మండ్ ఓ'డనవన్ అనే ఐరిష్ జర్నలిస్టు. తర్వాత మెర్వ్‌లో తెకే వాళ్ళ మధ్య కొన్ని నెలలు గడిపి, 1882లో 'ద మెర్వ్ ఒయాసిస్' అని పెద్ద కితాబ్ రాశాడు. మా బిరాదరీ మనిషి కాబట్టి చెబుతున్నాను. ఫౌజీల రిపోర్టుల్లో దొరకని ఇళ్ళూ, వంటలూ, గుర్రాలూ అలాంటివాళ్ళ రాతల్లో దొరుకుతాయి. ఆయన 1883లో సూడాన్‌ జంగ్‌లో పోయాడు.

1885కి రైలు అష్కాబాద్ చేరింది. అలమాన్ ఆగిపోయింది. అది ఖొరాసాన్ తల్లులకి ఈద్ లాంటి ఖబరే. కానీ దానితో పాటు గుర్రానికీ పని పోయింది. ఉపయోగం లేని గుర్రాన్ని జౌ పోసి ఎన్నాళ్ళు పెంచుతారు? నస్ల్ చెదిరిపోతుందన్న ఫికర్‌తో జనరల్ కురోపాత్కిన్ 1897లో అష్కాబాద్ దగ్గర కేషీ అనే చోట సర్కారీ అస్తబల్ పెట్టించాడు. మంచి గుర్రాల్ని ఇళ్ళ నుంచి అక్కడికి చేర్చారు. తర్వాతి కాలంలో రిజిస్టర్లలోకి ఎక్కిన గుర్రాల పేర్లు చూస్తే ముచ్చటేస్తుంది. బాబా ఆఖూన్, దౌలత్ ఇషాన్, ఇలా. మనుషుల పేర్లే గుర్రాల పేర్లు. నోటి మీద ఉన్న షజరా కాగితం మీదకి వచ్చింది, 1941లో మొదటి స్టడ్ బుక్ అచ్చయింది. గుర్రం ఎవరి మగ్గాన పుట్టిన పట్టీ కట్టుకుందో రాసే ఖానా మాత్రం ఆ బుక్‌లో లేదు.

కట్టుకొయ్య ఖాళీ అయినప్పుడు

సోవియట్ జమానాలో 1929-30 నుంచి పొలాలూ పశువులూ అన్నీ కల్ఖోజ్‌లోకి, అంటే సామూహిక వ్యవసాయంలోకి, లాక్కోవడం మొదలైంది. గుర్రం ఇక ఇంటి మనిషి కాదు, సర్కారీ మాల్. ఎదురు తిరిగినవాళ్ళు చచ్చిపోయారు, కొన్ని వేల ఖాందాన్లు రాత్రికి రాత్రి ఇరాన్‌లోకీ అఫ్ఘానిస్తాన్‌లోకీ దాటిపోయాయి. ఒక ఇంటి ముందు నుంచి గుర్రాన్ని విప్పుకుపోయిన మర్నాడు పొద్దున ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి. ఆ కహావత్‌లో సగం చెరిగిపోయింది. లేచి తండ్రి మొహం చూసుకోవచ్చు, ఆ తర్వాత చూడటానికి ఎవరూ లేరు.

1935లో కొందరు తుర్క్‌మెన్ సవార్లు అష్కాబాద్ నుంచి మాస్కో దాకా గుర్రాల మీద వెళ్ళారు. సుమారు 4,300 కిలోమీటర్లు, 84 రోజులు. కారాకుం ఎడారిని మూడు రోజుల్లో దాటేశారు. ప్రపంచమంతా వాహ్వా అంది. మా గుర్రం ఇంకా పనికొస్తుంది, దాన్ని పోనివ్వకండి అని చెప్పడానికి అంతకంటే పెద్ద అర్జీ ఎవరు రాయగలరు? అయినా వినే చెవులు తక్కువ. ట్రాక్టర్లొచ్చాయి. 1950ల చివర్లో క్రుశ్చేవ్ జమానాలో గుర్రాలు దండగ అని మాంసం కోసం కబేళాలకి పంపారు. తమ ముందు తరం ప్రాణంలా చూసుకున్న నస్ల్‌ని కిలోల లెక్కన తూచడం ఆ ముసలివాళ్ళు చూడాల్సి వచ్చింది.

తమాషా చూడండి. అదే 1956లో ఇంగ్లండ్ రాణికి సోవియట్ నాయకులు తోహ్ఫాగా ఇచ్చింది మెలెకుష్ అనే అఖాల్-తెకే గుర్రాన్నే. మెరుపు కోసం పాలిష్ ఏదో పూశారనుకుని అక్కడి సాయీసులు దాన్ని రుద్ది రుద్ది కడిగారనీ, కడిగిన కొద్దీ ఇంకా మెరిసిందనీ కథ చెప్పుకుంటారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో అబ్సెంత్ అనే నల్ల అఖాల్-తెకే గుర్రం, సెర్గెయ్ ఫిలాతోవ్ సవారీలో, డ్రెసాజ్ పోటీలో బంగారు పతకం గెలిచింది. ఒక చేత్తో మెడల్, ఇంకో చేత్తో కబేళా. హుకూమత్‌లకి విరాసత్ అంటే అంతే, బయటివాళ్ళకి చూపించుకోవడానికి పనికొచ్చేంత వరకే.

మరి నస్ల్ ఎలా మిగిలింది? కొన్ని సర్కారీ అస్తబల్‌లలో మొండిపట్టు పట్టిన ఉస్తాద్‌ల వల్ల. ఇంకా సరిహద్దు అవతల, ఇరాన్‌లోని తుర్క్‌మెన్ సహ్రాలో, ఇళ్ళ ముందు ఒకటీ రెండూ గుర్రాలు కట్టుకున్న ఖాందాన్ల వల్ల. అమెరికాలో పుట్టి ఇరానీ ఇంటికి కోడలైన లూయీజ్ ఫిరూజ్ అనే ఆమె ఆ ప్రాంతంలోనే గుర్రాలు పెంచుతూ బతికి, 2008లో అక్కడే కన్నుమూసింది. కాస్పియన్ అనే చిన్న గుర్రాల జాతిని 1965లో మళ్ళీ వెలుగులోకి తెచ్చింది కూడా ఆమే.

ఇప్పుడు స్వతంత్ర తుర్క్‌మెనిస్తాన్ జాతీయ చిహ్నం మధ్యలో ఆ గుర్రం బొమ్మే ఉంది. ఏప్రిల్‌లో గుర్రాల పండగ చేస్తారు. 2023 డిసెంబర్‌లో యునెస్కో అఖాల్-తెకే గుర్రాల పెంపకాన్నీ, వాటి అలంకరణ రివాజ్‌లనీ మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. నాకు ఆ రెండో ముక్క చదివి సంతోషమేసింది. గుర్రంతో పాటు దాని అలంకరణ పేరు కూడా ఎక్కింది. అందులో మగ్గం ముందు కూర్చున్న ఆ చేతులకి కూడా కాస్త వాటా దక్కినట్టే.

మన ఒడ్డున

మళ్ళీ మన వైపు వద్దాం. 13వ శతాబ్దం చివర్లో మార్కో పోలో మన సముద్రతీరం మీదుగా వెళ్ళాడు. మన మోటుపల్లిని 'ముత్ఫిలీ' అని రాశాడు. దానికి దక్షిణాన తమిళ తీరాన్ని 'మాబర్' అన్నాడు. హుర్ముజ్ వైపు నుంచీ అరబ్ రేవుల నుంచీ ఏటా వేల గుర్రాలు మాబర్‌కి జహాజుల్లో దిగుతాయనీ, ఏడాది తిరిగేసరికి చాలావరకు చచ్చిపోతాయనీ, వాటిని చూసుకోవడం తెలిసినవాళ్ళు అక్కడ లేకపోవడమే కారణమనీ రాశాడు. వాటికి మాంసం కలిపి వండిన అన్నం పెడతారని కూడా రాశాడు.

చిన్నప్పుడు ఇది చదివి ఉంటే నవ్వుకునేవాణ్ణి. ఇప్పుడు నాకు ఇందులో తారీఖ్ మొత్తం కనపడుతుంది. బాద్షాలు బంగారం పోసి గుర్రాన్ని కొన్నారు. గుర్రంతో పాటు దాని ఇంటిని కొనలేకపోయారు. ఏ గడ్డి ఎప్పుడు పెట్టాలో తెలిసిన చేతులు, చెమట చూసి జబ్బు కనిపెట్టే కళ్ళు, రాత్రి దాని ఊపిరి తేడా విని లేచే చెవులు జహాజులో రాలేదు. వాతావరణం పడలేదన్నది నిజమే. కానీ ఆ వాతావరణంలో దాన్ని బతికించడం నేర్చుకోవడానికి మన వాళ్ళకి తరాలు పట్టింది. తెలుగు నేల మీద గుర్రాన్ని బతికించిన గింజ ఉలవ. ఇంగ్లీషువాళ్ళు దాని పేరే 'గుర్రపు పప్పు' అని పెట్టుకున్నారు. ఆ ఉలవలు నానబెట్టి ఉడకబెట్టిన చేతుల్లో మా నానీ చేతులూ ఉన్నాయి.

నానా పోయిన ఏడాదే గుర్రాన్ని అమ్మేశారు. అప్పటికే ఆటోలొచ్చి జట్కా ఎక్కేవాళ్ళు లేరు. కొన్నవాడు పగ్గం పట్టుకుని తీసుకుపోతుంటే నానీ బయటికి రాలేదట. మర్నాడు ఫజర్‌కి ముందు లేచి, అలవాటు కొద్దీ ఉలవల కుండ పొయ్యి మీద పెట్టి, కాసేపు అలాగే చూసి, దించేసిందట. ఇది నాకు అమ్మీ చెప్పింది. ఎప్పుడు చెప్పినా ఇక్కడికి వచ్చేసరికి ఆగిపోతుంది.

బేటీకి జవాబు చెప్పాను. గుర్రాలకి అన్నం పెట్టింది నీ పర్‌నానీ అని. "ఆమె కూడా గుర్రం ఎక్కిందా?" అంది. లేదు, ఒక్కసారి కూడా ఎక్కలేదు అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అయితే జల్సాలో ఆమె గురించి ఎందుకు చెప్పలేదు?" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. మీ ఇంట్లో దాదీలూ నానీలూ ఇంకా ఉంటే, ఈ జుమా నాడు వాళ్ళ పక్కన కూర్చుని అడగండి. జట్కా గుర్రమో, బర్రెలో, మేకలో, మగ్గమో, బీడీల చాటో, ఇంటిని నిలబెట్టినదేదో ఒకటి ఉంటుంది. దానికి దాణా ఎవరు పెట్టారో పేరుతో సహా రాసి పెట్టుకోండి.

మా నానీ పేరు జైనబ్ బీ.